బెంచీ మీది ముసలావిడ

“అంటే మా అమ్మని బస్టాండులో వదిలేసి వచ్చావన్నమాట!”

ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి అంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రక్తపరీక్షల ల్యాబులో జనానికి సూదులు గుచ్చే మనిషి ఆవిడ. మాట కూడా నరం చూసుకునే గుచ్చుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇవాళ ల్యాబు కోటైనా విప్పకుండా పరుగెత్తుకొచ్చింది.

“వదల్లేదు వదినా. అది కథ,” అంది మైకమ్మ.

“ఏ కథ?”

“నేను చెప్పుకుంటున్న కథ. నవల... రాస్తున్నాను.”

మైకమ్మ నవల రాస్తోందన్న మాట ఆ ఇంటి గోడలు వినడం అదే మొదటిసారి. ఏదో ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాలని ఆమె ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. చివరికది దొంగ సొత్తుతో దొరికినవాడి సంజాయిషీలాగా బయటపడింది.

“నవలా! నువ్వా! ఎప్పుడు రాశావు? ఈ ఇంట్లో నువ్వు కాయితం మీద కలం పెట్టగా చూసినవాళ్ళెవరమ్మా?”

“కాయితం మీద కాదు. ఫోన్లో చెప్పుకుంటాను. తీరిక దొరికాక రాసుకోవచ్చని.”

“అబద్ధమాడినా అతికినట్టుండాలి!”

నిజమే మరి. బస్టాండు బస్టాండంతా చెవులారా విన్నదాన్ని ఈమె ఒక్కతీ కథ అంటే నమ్మేదెవరు?

ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. మైకమ్మ అని డ్రైవర్లు పెట్టిన పేరే ఇల్లు చేరి స్థిరపడిపోయింది. ఇంట్లో పిల్ల, వంట, బట్టలు. అక్కడ బస్సులు. నవలకి మిగిలేది బస్సుకీ బస్సుకీ మధ్య ఉండే కాస్త సందు. ఆ సందులో మైకు మీట ఆపేసి, ఫోను మైకుకి చేరగిలబెట్టి, కథ అందుకుంటుంది. నోటి ముందు మైకు ఉంటే ఆమెకి మాట సులువుగా పుడుతుంది. అలవాటు అలాంటిది. ఇవాళ కూడా ఏదో బస్సు ఆలస్యమని చెప్పి, ఫోను నిలబెట్టి, కథలోకి వెళ్ళిపోయింది. మీట మాత్రం ఆపలేదు.

ఒక కోడలు తన అత్తని బస్టాండు బెంచీ మీద కూర్చోబెట్టి, టికెట్ తెస్తానని చెప్పి, మరి తిరిగి రాని ఘట్టం అది. నవలంతా ‘నేను’ అంటూ నడుస్తుంది. ‘ఈ ముసలిదాన్ని ఇంకెన్నాళ్ళు మొయ్యను’ అన్న మాట చివరి ప్లాట్‌ఫారం దాకా, స్కూటర్ల స్టాండు దాకా, ఆఖరికి మరుగుదొడ్ల దాకా ఖంగుమని వినిపించింది. మైకమ్మ ఉచ్చారణకి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, కోడలి డ్యూటీ దిగాక కలిసి ఇంటికి పోదామని ఆ బస్టాండులోనే బెంచీ మీద కూర్చున్న అత్తగారికీ వినిపించింది. కంట్రోలరు పరుగున వచ్చి మీట ఆపేశాక, కోడలు మెట్లు దిగి చూసేసరికి బెంచీ ఖాళీ.

అప్పట్నుంచీ ఆవిడ ఎక్కడా కనిపించలేదు.

“కళ్ళజోడుకి తాడు కట్టుకునే ముసలావిడ. చెప్పులు విప్పి, ఆ చెప్పుల మీదే పాదాలు పెట్టుకుని కూర్చునే ముసలావిడ,” అంది ఆడపడుచు. “మా ల్యాబుకొచ్చిన కండక్టరు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇది కూడా కథేనా? మా అమ్మ కాదూ?”

“మనుషుల్ని చూసే కదా వదినా ఎవరైనా రాసేది.”

“చూడు. చూసి మైకులో చెప్పు. ఊరంతా వింటుంది.”

మైకమ్మ భర్త, మెకానిక్, వచ్చాడు. పొద్దున ఫ్రిజ్‌ల రిపేరుకని భుజాన వేసుకున్న పనిముట్ల సంచీ ఇంకా భుజాన్నే ఉంది. దించాలన్న ధ్యాస కూడా లేదు మనిషికి. భార్య వైపు చూడకుండా అక్కతోనే చెప్పాడు.

“కంటి ఆసుపత్రిలో లేదు. పార్కులో లేదు. అమ్మ స్నేహితురాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. ఎవరూ చూళ్ళేదట.”

“ఫోన్ చేశావా?”

“బీరువా మీద మోగుతోంది. ఎన్నడు పట్టుకెళ్ళింది గనక?”

లోపలి గదిలోంచి పిల్ల వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. “నాయనమ్మ రాకపోతే రేపు నన్ను బడికి ఎవరు పంపుతారు?” అని అడిగింది. పిల్ల బడి సంచీ ఎక్కడుంటుందో, నీళ్ళ సీసా మూత ఎలా పడుతుందో ఆ ఇంట్లో అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు. మైకమ్మకి ఆ సంగతి అప్పుడే తట్టింది.

“నేను అబద్ధం చెప్పడం లేదు,” అంది. “సాక్ష్యం ఉంది. వినండి. మీరే వినండి.”

ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తన కథ ఎవరైనా వినాలని ఆమె ఎంత ఆశపడిందో, మొదటి శ్రోతలు ఇలా పోలీసుల్లాగా కూర్చుంటారని కలలో కూడా అనుకోలేదు. చేతికి అందిన భాగం ఒకటి నొక్కింది.

గడియారాలు బాగుచేసే ఒకాయన దుకాణం గురించిన వర్ణన వచ్చింది. ఎవరో కొత్త మనుషులు, కొత్త వీధి. ఆడపడుచు కనుబొమలు కాస్త కిందికి దిగాయి. మెకానిక్ సంచీ దించి గోడకి ఆనుకున్నాడు. బతికాననుకుంది మైకమ్మ. కథేనని తేలిపోయింది.

అప్పుడు గడియారాలాయన చెల్లెలు కథలోకి వచ్చింది. “అన్నేళ్ళు కాపురం చేసిన ఇంట్లోంచి నాదని తెచ్చుకున్నది ఒక్క దువ్వెన. అది కూడా పళ్ళు విరిగింది,” అంది ఆ చెల్లెలు, మైకమ్మ గొంతుతో.

“ఆపు,” అంది ఆడపడుచు.

మైకమ్మ వేలు ఫోను మీదికి వెళ్ళేలోపే గొంతు మరో రెండు వాక్యాలు చెప్పేసింది.

“అది నేనన్న మాట. ఆ ఇల్లు వదిలి వచ్చిన రోజు, ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని అన్నాను. నువ్వప్పుడు నా వీపు నిమురుతూ కూర్చున్నావు.” ఆడపడుచు గొంతు పలచబడింది. “నిమురుతున్నావనుకున్నాను. ఏరుకుంటున్నావన్నమాట! ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా?”

“అలా కాదు వదినా, నిజంగా నాకు బాధేసింది. బాధేసే రాశాను.”

“బాధేస్తే ఏడవాలి. రాసుకోరు.”

ఇంకా నయం, ఆ భాగం అయిపోయిందనుకుంది మైకమ్మ. కంగారులో ఆమె నొక్కింది ఆపడానికి కాదు, తర్వాతి భాగానికి. ఫోను దాని పని అది చేసుకుపోయింది.

“‘షట్టరు దించేసి దుకాణం లోపల చీకట్లో కూర్చున్నాను,’ అన్నాడాయన. ‘మగవాడు ఏడవకూడదంటారు గదా, అందుకని షట్టరు దించుకున్నాను. ఎవరైనా వచ్చి తలుపు తడతారేమో అని చూశాను. ఎవరూ తట్టలేదు. తట్టి ఉంటే బాగుండు.’”



మెకానిక్ వంగి, తనే ఆ ఫోను ఆపాడు. చాలా మెల్లిగా ఆపాడు. కోపం వచ్చినవాడు అలా ఆపడు.

“ఇది నేను నీకొక్కదానికే చెప్పాను,” అన్నాడు.

“ఏమండీ...”

“అమ్మకి చెప్పలేదు. అక్కకి చెప్పలేదు. దీపం ఆర్పాక చెప్పాను నీకు. ఎవరెవరికి వినిపించావు?”

“ఒట్టు, ఎవరికీ వినిపించలేదు!”

“ఇవాళ పొద్దున్నదాకా అదీ ఎవరికీ వినిపించలేదుగా. బెంచీ మీది ముసలావిడ సంగతి.”

మైకమ్మకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంత సిగ్గులోనూ ఆయన దవడ పక్కన సన్నగా అదురుతున్న నరాన్ని చూసింది. దాన్ని ఎలా చెప్పాలా అని లోపల ఎవరో వాక్యం కట్టడం మొదలుపెట్టారు. అది గ్రహించి హడలిపోయింది. ఇల్లు తగలబడుతుంటే మంటల రంగు చూసే మనిషినా నేను అనుకుంది. అవునేమోనని కూడా అనిపించి ఇంకా భయమేసింది.

“చెరిపెయ్,” అన్నాడు మెకానిక్.

“ఏది?”

“అన్నీ. అమ్మ ఇంటికొచ్చేలోపు ఒక్క ముక్క మిగలకూడదు.”

“బాగా చెప్పావురా తమ్ముడూ,” అంది ఆడపడుచు. కానీ ఆ అనడంలో మునుపటి పదును లేదు. చూపు ఆ ఫోను మీదే ఉంది.

మైకమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. ఎన్ని మధ్యాహ్నాల భోజనాలు ఎగ్గొట్టి చెప్పుకున్న కథ! అది పోతే తనకి మిగిలేది ప్లాట్‌ఫారాల నంబర్లే. బస్టాండు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. పై ఆఫీసు నుంచి కబురొచ్చేదాకా రావద్దని కంట్రోలరు ముఖం మీదే చెప్పాడు. బొటనవేలు ఎంతకీ కదల్లేదు.

“ముందు అత్తయ్యని వెతుకుదాం పదండి,” అంది. ఆ మాట నిజమే. తప్పించుకోవడానికి అన్నదీ నిజమే. ఆ తేడా ఆ క్షణాన ఎవరూ పట్టుకోలేదు.

పిల్లని ఆడపడుచుకి అప్పగించి ఇద్దరూ స్కూటరెక్కారు. దారిలో గుంతల దగ్గర కూడా ఆయన ‘పట్టుకో’ అనలేదు. ఎప్పుడూ అంటాడు.

పొద్దు గూకుతోంది. బస్టాండులో దీపాలు వేశారు. మైకు గదిలో కంట్రోలరు స్వయంగా మైకు ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. సగం జీవితం బస్సుల మధ్య గడిపిన మనిషే గానీ, మైకు కనిపిస్తే ఆయనకి తన పేరే గుర్తు రాదు.

“మూడవ... కాదు కాదు... నాలుగవ ప్లాట్‌ఫారం నందు... ఆగివున్న... ఆగబోవుచున్న...” అని మీట ఆపి, వెనక్కి తిరిగి, తలుపు దగ్గర మైకమ్మని చూసి ఉలిక్కిపడ్డాడు.

“మళ్ళీ వచ్చావా తల్లీ! లోపలికి అడుగు పెట్టకు. ఆ మీట వైపు చూడను కూడా చూడకు. రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. సంజాయిషీ ఏమని రాయాలో తెలియక నా జుట్టు ఊడిపోతోంది.”

ఊడటానికి ఆయన నెత్తిన పెద్దగా ఏమీ లేదు. ఇంకో రోజైతే మైకమ్మ ఆ మాటే అని నవ్వించేది.

“సార్, మా అత్తగారు కనబడటం లేదు. ఒక్కసారి మైకులో పిలవండి సార్. మీరే పిలవండి.”

కంట్రోలరు ముఖం మారిపోయింది. “ఆ బెంచీ మీద కూర్చునే పెద్దావిడేనా? నిజంగానే వెళ్ళిపోయారా?” అని మీట మీద చెయ్యి వేశాడు. “గుర్తులు చెప్పు.”

తప్పిపోయినవాళ్ళ గుర్తులు అడగడం, మైకులో చెప్పడం మైకమ్మకి కొట్టిన పిండి. “కళ్ళజోడుకి తాడు ఉంటుంది. ఎడమ చెవి కాస్త తక్కువ వినబడుతుంది. కుడి పక్కకి ఒరిగి నడుస్తారు,” అంది గడగడా.

“బట్టలు ఏ రంగు?”

మైకమ్మ ఆగింది.

పొద్దున అత్తగారు పిల్లకి జడ వేస్తూ వంటగది గుమ్మంలో కూర్చున్నారు. అది గుర్తుంది. తను ఆవిడ పక్కనుంచే చెప్పులేసుకుని వచ్చింది. ఏదో మాట కూడా అన్నారావిడ. ఏ రంగు కట్టుకున్నారో మాత్రం ఎంత తడుముకున్నా దొరకలేదు. ఆ పూట ఆమె తలనిండా కథలోని ముసలావిడే ఉంది. ఇంట్లో మనిషిని కళ్ళు చూసి కూడా చూడలేదు.

మొగుడి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. “నేను లేచీ లేవగానే పనికి పోయాను,” అన్నాడు గొణుగుతున్నట్టుగా.

కంట్రోలరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా మీట నొక్కాడు. తడబడుతూనే చెప్పాడు పాపం. కళ్ళజోడు తాడు సంగతి రెండుసార్లు చెప్పాడు.

ఆ మాటలు బయట ఇంకా మోగుతుండగానే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. అప్పుడే ట్రిప్పు ముగించి వచ్చిన కండక్టరొకాయన తలుపు తోసుకుని వచ్చాడు.

“తాడు కళ్ళజోడు పెద్దమ్మేనా? నా బస్సే ఎక్కింది మధ్యాహ్నం. ఆఖరి స్టాపుకి టికెట్ తీసుకుంది. నేనే చెయ్యి పట్టుకుని దింపాను. బాగానే ఉంది.”

“ఏడుస్తోందా?” అన్నాడు మెకానిక్.

“లేదే. ఏదో పొడుపుకథ విప్పుతున్నట్టు కూర్చుంది దారంతా. పలకరించినా పలకలేదు.”

ఆఖరి స్టాపు ఏ ఊరని మెకానిక్ అడిగాడు. కండక్టరు చెప్పాడు. మెకానిక్ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. గోడ మీద అరచేత్తో చరిచాడు.

“మీ అమ్మ ఉండే ఊరు! అయితే మీ అమ్మ దగ్గరికే వెళ్ళింది. ఇంకెవరున్నారు అక్కడ మనకి? నేను చూడు, ఊరంతా గాలించాను గానీ ఈ మాటే తట్టలేదు. చెయ్యి, ఫోన్ చెయ్యి మీ అమ్మకి!”



అత్తగారు క్షేమంగా ఉన్నారన్న సంతోషం రావాలి. వచ్చింది కూడా. వచ్చినదాన్ని వెనకనుంచి ఇంకొకటి తోసేసింది. ఎందుకంటే, ఏడాదిగా ప్రతి ఆదివారం తను తల్లి దగ్గరికి వెళ్తున్నట్టు ఈ మనిషి నమ్ముతున్నాడు. ఆదివారాలు కూడా డ్యూటీ పడుతోందని తల్లి నమ్ముతోంది. రెండిళ్ళనీ నమ్మించి, ఆ ఆదివారాలన్నీ ఈ బస్టాండు మేడ మీద, సిబ్బంది విశ్రాంతి గదిలో, తలుపేసుకుని కథ చెప్పుకుంది. ఇద్దరు ముసలాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఎన్నాళ్ళ గుట్టు ఎంతసేపు నిలుస్తుంది?

“చెయ్యవేం?” అన్నాడు మెకానిక్.

“ఇంటికి వెళ్ళి చేద్దాం. ఇక్కడ బస్సుల గోల.”

“గోలైతే ఏం? అమ్మ బాగుందో లేదో తెలియొద్దూ?”

ఆమె కొంగు అంచు నలుపుతూ నిలబడింది. ఆయన ఇంకా ఆగలేదు. తన ఫోన్లోనే మైకమ్మ తల్లి నంబరు నొక్కి, మెట్ల పక్కన వరండాలోకి నడిచాడు. కింద ఇంజన్ల మోత. వినబడటానికి స్పీకరు పెట్టాడు. మైకమ్మ కాళ్ళీడ్చుకుంటూ వెనకే వెళ్ళింది.

“అత్తయ్యగారూ, మా అమ్మ గాని అక్కడికి...”

“ఉన్నారు బాబూ, ఇక్కడే ఉన్నారు,” అంది మైకమ్మ తల్లి. “మీకు కబురు చేస్తానంటే ఆవిడే వద్దన్నారు. కాసేపు వెతకనివ్వండి అన్నారు.”

అవతల ఫోను చేతులు మారింది.

“పక్కన అది ఉందా?” అత్తగారి గొంతు మామూలుగానే ఉంది.

“ఉందమ్మా. స్పీకర్లో మాట్లాడుతున్నాను. నువ్వు ముందు చెప్పు, ఒంట్లో...”

“స్పీకరైతే మరీ మంచిది. ఇవాళ మనింటి సంగతులన్నీ మైకులోనేగా.”

“అత్తయ్యా, నన్ను క్షమించండి,” అంది మైకమ్మ. కన్నీళ్ళు వాటంతటవే వచ్చేశాయి. “అది మీరు కాదత్తయ్యా. ఒట్టి కథ.”

“నేను కాదని నాకు తెలుసులే అమ్మాయ్. చెప్పులు నావి. కళ్ళజోడు తాడు నాది. ఏడుపు మాత్రం నాది కాదు. పోయే వచ్చే ప్రతి మనిషినీ ‘మా పిల్లేమో’ అని చూసుకుంటూ ఆ బెంచీ మీద ఏడుస్తుందే, అలా నేనెప్పుడు ఏడ్చాను? నీ ముందర అసలు ఏడ్చానా? నిన్ను ఏడిపించి ఉంటానేమో గానీ.”

మెకానిక్ ముఖంలో నవ్వులాంటిదేదో వచ్చింది. అమ్మకి కోపం రాలేదు! భార్య వైపు తిరిగి చూశాడు. ఆమె ముఖం చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“నువ్వు ఫోనుతో కబుర్లు చెప్పుకోవడం నాకు తెలియదనుకున్నావు గదూ?” అత్తగారు చెప్పుకుపోతున్నారు. “గది తలుపేసుకుంటే ‘తలనొప్పిట, లేపకండి’ అని అందరినీ పంపించింది ఎవరనుకున్నావు? ఏదో చేసుకుంటోంది, చేసుకోనీ అనుకున్నాను. ఆ పూటలు నేను చేతులారా ఇచ్చినవి. ఇచ్చినందుకు నాకేం విచారం లేదు. అడక్కుండా తీసుకున్న పూటలు వేరే ఉన్నాయిగా. వాటి మాటేమిటి?”

“ఏ పూటలమ్మా?” అన్నాడు మెకానిక్.

“నాకూ తెలియదురా ఇక్కడికి వచ్చేదాకా. నా చెప్పులు ఎవరి కాళ్ళకి తొడిగిందో చూద్దామని బస్సెక్కాను. తలుపు తట్టాను. ఈవిడ తలుపు తీస్తూ నా ముఖం చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసింది. వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని.”

మైకమ్మ వరండా రెయిలింగు పట్టుకుంది. ఆ చూపు ఆమెకి తెలుసు. ఆ చూపునే మధ్యాహ్నం మైకులో అంత వివరంగా చెప్పింది. చెబుతున్నప్పుడు అది ఎవరిదో తనకే తెలియలేదు. పరాయి మనిషికి పెట్టాననుకుంది. ఇప్పుడు తెలిసింది.

“ఊరుకోండి వదినగారూ,” అని వెనకనుంచి తల్లి గొంతు వినిపించింది. “దాన్నేం అనకండి. అది మాత్రం ఏం చేస్తుంది? ఆదివారాలు కూడా డ్యూటీ వేసి చంపుతున్నారు దాన్ని.”

మెకానిక్ ఫోను కిందికి దించాడు.

“ఆదివారాలు డ్యూటీయా?” అన్నాడు భార్యతో. గొంతు పెంచలేదు. “ప్రతి ఆదివారం స్కూటరు మీద నేనేగా నిన్ను ఇక్కడ దింపుతున్నాను. మీ అమ్మ దగ్గరికని. పిల్లని కూడా వద్దని, బస్సులో దానికి తల తిరుగుతుందని...”

ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. అవతల కూడా ఈ మాటలన్నీ వినబడుతున్నాయని ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

“ఒరేయ్,” అన్నారు అత్తగారు. ఇప్పుడు ఆవిడ గొంతు కూడా మారింది. “కథలో కోడలని చెప్పింది గానీ, ఆ ముసలిదాన్ని వదిలేసింది కోడలు కాదురా. కూతురు.”

కింద ఏదో బస్సు వెనక్కి వస్తోంది. క్లీనరు దాని వీపు మీద దబదబా బాదుతున్నాడు. మెకానిక్ ఆ చప్పుడు తగ్గేదాకా ఆగాడు.

“ఎక్కడికి వెళ్ళావు?” అన్నాడు. “ఏడాది ఆదివారాలు. ఎక్కడికి?”

చెప్పాలి. ‘ఎక్కడికీ లేదు, ఈ మేడ మీదే, ఒక్కదాన్నే కూర్చుని రాసుకున్నాను’ అని చెప్పాలి. అదే నిజం. అయినా ఇవాళ ఇంట్లో నిజానికి పట్టిన గతి చూశాక, ఆ నిజాన్ని ఎవరు నమ్ముతారు? ఏ భర్త నమ్ముతాడు?

ఆమె పెదవులు విప్పేలోపే ఫోన్లోంచి తల్లి గొంతు వచ్చింది. గబగబా వచ్చింది. అత్తగారి చేతిలోంచి లాక్కుందేమో, ఆయాసపడుతోంది.

“బాబూ, బాబూ, నా మాట విను. నేనే పొరపాటు చెప్పాను. వచ్చింది నాయనా. ప్రతి ఆదివారం వచ్చింది. నాకే ఈ మధ్య ఏదీ గుర్తుండటం లేదు. ముసలిదాన్నయిపోయాను. మీ అమ్మగారికి కూడా ఏదేదో చెప్పేశాను. వచ్చింది బాబూ, నిన్నగాక మొన్న కూడా వచ్చింది. ఇక్కడే కూర్చుంది. నా పక్కనే కూర్చుంది.”

అత్తగారు పక్కనుంచి ఒక్క మాట అనలేదు.

తల్లి ఇంకా చెబుతూనే ఉంది. ఏం తిందో చెప్పింది, ఏ కుర్చీలో కూర్చుందో చెప్పింది, వెళ్తూ వెళ్తూ ఏమందో చెప్పింది. జరగని ఆదివారాలన్నీ ఒక్కొక్కటే, చూసినట్టుగా, అంత ఆశగా చెబుతోంది.

మెకానిక్ అంతా విన్నాడు. నమ్మాడో లేదో ముఖంలో తెలియలేదు. ఫోను ఇద్దరి మధ్యా ఎత్తి పట్టుకున్నాడు, అవతలివాళ్ళకి కూడా బాగా వినబడేలా.

“మీ అమ్మ వచ్చావంటోంది,” అన్నాడు. “నువ్వు చెప్పు. వెళ్ళావా?”